ఆలస్యముగా వచ్చిన బాలుడు

క్రిందటి సంవత్సరము మా అక్క కుమార్తెను చూచుటకు న్యూయార్కు నగరమునకు వెళ్లితిని. ఆమె పొరుగున నున్న ఉపాధ్యాయిని తాను పనిచేయు ప్రభుత్వ హైస్కూలును నాకు చూపించెను. అది ఇతర దేశములనుండి క్రొత్తగా వచ్చిన పిల్లలకొరకైన పాఠశాల. ఆ నగరమందు ఇట్టివి కొన్ని గలవు. వాటిలో ఒకటి 1985లో లగార్డియా కమ్యూనిటీ కాలేజీ ఆవరణలో స్థాపింపబడినది. దేశమునకు వచ్చి నాలుగేండ్లు దాటనివారిని అందులో చేర్చుకొందురు.

నేను చూచిన తరగతిలో ఒక బల్లచుట్టు నలుగురు పిల్లలుండిరి. ఇద్దరు బంగ్లాదేశ్ బాలికలు. బాలురలో ఒకడు ఈక్వడార్ వాడు, ఒకడు యెమెన్ వాడు. లెక్క బోధపడని బాలికకు రెండవ బాలిక బంగాళీలో వివరించి, అదే సంగతిని తడబడుచు ఇంగ్లీషులో బాలురకు చెప్పెను. ఉపాధ్యాయిని గద్దింపలేదు. “ఆమెకు లెక్క వచ్చును, ఇంగ్లీషే ఇంకను రావలెను” అని నాతో అనెను.

పదునేడేండ్లకు వచ్చినవానినైనను ఆలస్యమైతివని అచ్చట త్రిప్పి పంపరు. హైస్కూలు పట్టా పొందనివారు 21 ఏండ్లు నిండువరకు చదువుకొనుటకు ఆ రాష్ట్ర చట్టము హక్కు నిచ్చుచున్నది. దేశములో నుండుటకు అనుమతి పత్రములు లేవను కారణమున పిల్లలకు ఉచిత విద్య నిరాకరింపరాదని, టెక్సాసునుండి వచ్చిన వ్యాజ్యెములో, 1982లోనే అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

చదువరులారా, ఆ బల్లయొద్ద నిలిచియుండగా నా హృదయము నన్ను గద్దించెను. కొన్నేండ్ల క్రిందట నేనొక గ్రామమందు సంఘ పాఠశాలను చూచుకొనుచుంటిని. జనవరి మాసమున ఇటుక బట్టీలోని ఒరియా కూలివాడొకడు తన కుమారుని తీసికొని వచ్చి, “అయ్యగారూ, వీడు మా ఊళ్లో నాలుగు చదివినాడు” అనెను. బాలుడు తన నోటుపుస్తకము తెరచి చూపెను. నాకు చదువరాని లిపిని చూచి, వానికి చదువు రాదని తలంచితిని. “టీ.సీ. లేదు, తెలుగు రాదు, పరీక్షలు దగ్గరపడినవి. జూనులో రా, నాయనా” అంటిని. జూను నాటికి బట్టీ ఆరిపోయెను. వారు ఒడిశాకు తిరిగి వెళ్లిపోయిరి. వాని పేరైనను నేను అడుగలేదు.

ద్రాక్షతోటలోనికి చివరి గంటకు వచ్చిన కూలివారి ఉపమానమును సెమినరీలో గ్రీకు భాషలో చదివితిని, ఎన్నిమారులో ప్రసంగించితిని. ఆ కూలివాడు నా గుమ్మమున నిలిచినప్పుడు మాత్రము గుర్తింపలేకపోయితిని.

మీ గ్రామమునకును పనివెంట వచ్చిన పరభాషా కుటుంబములు ఉండవచ్చును. వారి బిడ్డ మీ బడికి గాని ఆదివారపు బడికి గాని వచ్చినయెడల, మొదట కాగితము అడుగకుడి. పేరు అడుగుడి, కూర్చుండబెట్టుడి. వాని పుస్తకము మీకు చదువరానిచో, వానినే చదివి వినిపింపుమనుడి.