రంగు వెనుక ముఖం

శ్లేష అనగానే మనకు పింగళి సూరన స్మరణకు వస్తాడు. బొమ్మలోనూ శ్లేష పండుతుందని నాకు తెలిసినది జపాను కబుకి నటుల చిత్రాల వలన. ఏడవ ఇచికవా దంజూరో వస్త్రంపై ఒక కొడవలి, ఒక వలయం, ‘ను’ అనే అక్షరం ఉండేవి. వారి భాషలో కొడవలి ‘కమ’, వలయం ‘వ’. కలిపి చదివితే ‘కమవను’, అనగా ‘నాకు లెక్కలేదు’! విద్వద్గద్వాల పండితులు చూచి ఉంటే తలలూపేవారు. ఒకదానిలో ఒకటి ఇమిడిన మూడు చతురస్రాలు కనిపిస్తే అతడు దంజూరో వంశీయుడు. అవి బియ్యం కొలిచే పాత్రలు. మానిక ఎరిగిన పాలమూరు వారికి ఇంతకన్న వివరణ అనవసరం.

ముఖాన ఎర్రని చారలు ధీరునికి, నీలివి దుష్టునికి, ప్రేతానికి. భరతముని చెప్పిన ఆహార్యాభినయమే ఇది. 1842లో ప్రభుత్వం నటుల చిత్రాలను నిషేధించగా, చిత్రకారులు కొంతకాలానికి పేరు వ్రాయక ముఖం మాత్రమే చిత్రించారు. జనం ఇట్టే పోల్చుకున్నారు.

నన్ను కలచినవి మరణచిత్రాలు. నటుడు గతించగానే లేత నీలి వస్త్రంలో, చేత జపమాలతో అతని బొమ్మ అచ్చయ్యేది. 1854లో ఎనిమిదవ దంజూరో ఒసాకాలో ఆత్మహత్య చేసుకొనగా, బుద్ధుని నిర్యాణం చుట్టూ శిష్యులవలె అతని చుట్టూ స్త్రీలు విలపిస్తున్నట్లు సైతం చిత్రించారు.

నా బాల్యంలో వనపర్తి ప్రాంతపు మా ఊరికి పొరుగూరి భాగవతులు వచ్చి యక్షగానం ఆడేవారు. వారిలో హిరణ్యకశిపుని వేషం కట్టే వృద్ధుడొకడు. అతనికి మరణచిత్రం మాట అటుంచి, ఒక్క ఫోటో అయినా లేదు. అతని మనుమడు నా శిష్యుడే. ఇప్పుడు నాగర్‌కర్నూలులో ఉంటాడు. నిరుడు వచ్చి, “సారూ, మా తాత ఎట్లుంటుండె? మీరు చూసిన్రంట గదా?” అన్నాడు.

చెప్పాను. అర్దళం పూసిన పచ్చని ముఖం, కొయ్య కిరీటం, అద్దాలు తాపిన భుజకీర్తులు, స్తంభం ముందు వేసిన ఆ చిందు. అతడు ఓపికగా విని, “అదిగాదు సారూ, ముక్కెట్లుండె? నా లెక్కనా?” అని అడిగాడు.

షరాకు అనే చిత్రకారుడు 1794 నుండి పది నెలల పాటు నటులను చిత్రించి అదృశ్యమైనాడు. స్త్రీ వేషంలోనూ పురుషుని దవడను, ముక్కును దాచక గీచినవాడు. నేనో, తెల్లవారి భాగవతులు రంగు కడుగుకొనే వేళకు అరుగుపై నిద్రపోయేవాడిని.