తూకం దగ్గర బయటపడే దాంపత్యం

కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో డయాలసిస్ టెక్నీషియన్‌గా పనిచేసేవాడికి ఆలుమగల సంగతి ముందుగా తూకం మిషనే చెబుతుంది. మంచం ఎక్కించే ముందు ప్రతి రోగి బరువూ చూస్తాం. రెండు డయాలసిస్‌ల మధ్య కిలో పెరిగితే ఇంచుమించు లీటరు నీరు ఒంట్లో చేరినట్టు. నాలుగు కిలోలు పెరిగొస్తే ఆ నీరంతా నాలుగు గంటల్లో లాగాలి. బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి, మనిషి అల్లాడిపోతాడు.

"ఏం తాగావు?" అంటే "ఏటీ తాగలేదు బాబూ" అంటాడు. వెనకాల నిలబడ్డ భార్య ఊరుకోదు. "నిన్న పెళ్ళిలో రెండు గళాసుల మజ్జిగ తాగీసినాడు బాబూ" అని చెప్పేస్తుంది. ఆయన గుర్రుగా చూసి, డయాలసిస్ అయ్యేదాకా ఆవిడతో మాట్లాడడు. కానీ నాకు కావలసింది ఆ మాటే. ఒంటికి నీరు పట్టిందా, నాలుగు ముద్దలు తిని ఒళ్ళు చేసిందా అన్నది మిషన్‌కు తెలీదు. తెలిసేది ఇంట్లో మనిషికే. మొగుడి పరువు పోతుందని నోరు మూసుకునే ఇల్లాలికన్నా ఈవిడే నమ్మకమైన మనిషి.

ఒకప్పుడు డయాలసిస్‌కి విశాఖ దాకా పోయిన ఊళ్ళివి. ఇప్పుడు పలాస, సోంపేట, కవిటిల్లోనే కేంద్రాలున్నాయి. ప్రయాణం తగ్గింది గానీ ఇంట్లో చాకిరీ తగ్గలేదు. కొబ్బరితోటల మధ్య బతికేవాళ్ళకి కొబ్బరినీళ్ళే కూడదు, పొటాషియం ఎక్కువ. కూరగాయలు తరిగి నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్ళు పారబొయ్యాలి. డయాలసిస్ సూదులు గుచ్చేందుకు చేతికి చేసిన ఫిస్టులా మీద రోజూ వేలు ఆనించి, జుమ్మంటోందో లేదో చూడాలి. అది ఆగిపోతే వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. కొన్ని ఇళ్ళలో రోగి మరిచిపోయినా భార్య మరిచిపోదు. పడుకోబోయే ముందు ఆ చెయ్యి పట్టుకుని చూడందే ఆవిడకి నిద్ర పట్టదు.

రోగి ఆడమనిషైతే కథ చాలాసార్లు వేరుగా నడుస్తుంది. మొదట్లో మొగుడే తీసుకొస్తాడు. నెలలు గడిచేసరికి తల్లో, కూతురో, అక్కచెల్లెలో తోడు వస్తారు. కూలి మానుకుంటే పొయ్యి వెలగదన్నది నిజమే, కాదనను. కానీ ఆ కూలి భార్యలకీ ఉంది. కిడ్నీ ఇచ్చే దగ్గరా ఇదే తేడా. 1994 అవయవ మార్పిడి చట్టం భార్యాభర్తలిద్దరినీ దగ్గరి బంధువులుగానే చూస్తుంది. చట్టప్రకారం ఒకరి కిడ్నీ ఒకరికి ఇవ్వొచ్చు. అయినా మన దేశంలో బతికుండగా అవయవం ఇచ్చేవాళ్ళలో ఆడవాళ్ళు ఎక్కువ, పుచ్చుకునేవాళ్ళలో మగవాళ్ళు ఎక్కువ.

మొగుళ్ళందరూ అలాంటివాళ్ళని అనను. రాత్రంతా ఆటో తోలి, తెల్లారుజామున భార్యని మొదటి షిఫ్ట్‌కి దింపి, బయట బల్ల మీద కునుకు తీసే మొగుణ్ణి నేను చూస్తూనే ఉన్నాను. ఆవిడకి ఏ కూర పడదో డైట్ చీటీ చూడకుండా చెబుతాడు.

మగవాళ్ళకి నా మనవి ఒక్కటే. మీ ఆవిడ మంచం పడితే వారానికి ఒక్క షిఫ్టయినా మీరే తోడు రండి. ఆవిడ ఎన్ని నీళ్ళు తాగిందో మీ నోటితో చెప్పండి.