తార్నాకలో తెలుగెక్కడ?

లాలాగూడ రైల్వే క్వార్టర్లు దాటి తార్నాకకు వస్తే పక్కపక్కనే రెండు విశ్వవిద్యాలయాలు. 1918లో మొదలైన ఉస్మానియాలో బోధన ఉర్దూలోనే! డాక్టరీ పుస్తకాలను కూడా ఉర్దూ చేశారు. అందుకోసం ఓ అనువాద సంస్థనే పెట్టారు. రాయప్రోలు సుబ్బారావు అంతటి కవి పాఠాలు చెప్పినా, అక్కడ తెలుగు ఒక సబ్జెక్టుగానే ఉండిపోయింది. 1948 తర్వాత ఉర్దూ స్థానంలోకి ఇంగ్లీషు వచ్చింది.

ఇంగ్లీషు టీచర్లకు శిక్షణ ఇచ్చేందుకు 1958లో పుట్టిన సంస్థే నేటి ఇఫ్లూ. అరబిక్, జర్మన్, జపనీస్... ఇలా బోలెడు భాషలు నేర్పుతారక్కడ. బాగానే ఉంది. మరి తెలుగు?

ఉస్మానియాలో భాషాశాస్త్రం బోధించిన భద్రిరాజు కృష్ణమూర్తి ఊరూరా రైతుల మాటలు పోగుచేయించి 1962లో వ్యవసాయ పదకోశం తెచ్చారు. నాగలిలో ఒక్కో భాగానికీ ఒక్కో ప్రాంతం పెట్టుకున్న పేర్లున్నాయందులో. వ్యవసాయ డిగ్రీ పాఠాలు మాత్రం ఇప్పటికీ ఇంగ్లీషులోనే!