గుప్పెడు పిట్ట... గోపన్‌పల్లి చుట్టం!

ఓ పక్క ఆకాశాన్నంటే అపార్ట్‌మెంట్లు, మరోపక్క బండరాళ్లూ పొదలూ... హైదరాబాద్ ఐటీ కారిడార్ అంచున ఉన్న గోపన్‌పల్లిలో ఉదయాన్నే బాల్కనీలోకి వస్తే మందారం మీద ఓ నల్లని బుల్లి పిట్ట కనిపించొచ్చు. ఎండ పడిందంటే చాలు, ఆ నలుపే నీలంగా, ఊదాగా మెరిసిపోతుంది. ‘అదిగో హమ్మింగ్‌బర్డ్!’ అనేస్తారు పిల్లలు. నిజానికి అది మన తేనెపిట్ట.

హమ్మింగ్‌బర్డ్‌లలో మూడొందలకు పైగా జాతులున్నా అన్నీ అమెరికా ఖండాల్లోనే ఉంటాయి. మన తేనెపిట్టతో వాటికి దగ్గర చుట్టరికమూ లేదు. పూలలోని తేనె తాగాల్సి రావడం వల్లే రెండింటికీ సన్నని ముక్కు, పొడవాటి నాలుక వచ్చాయి. తేడా ఏమిటంటారా... హమ్మింగ్‌బర్డ్ గాల్లో నిలబడి తాగుతుంది. తేనెపిట్ట ఎక్కువగా కొమ్మ మీద వాలి తాగుతుంది.

దీని పొడవు పది సెంటీమీటర్లు, బరువు పది గ్రాముల లోపే. ఆ మెరుపంతా మగపిట్టదే, అదీ జతకట్టే కాలంలోనే. తర్వాత ఆ సోకులు పోయి గొంతు నుంచి పొట్ట దాకా ఓ నల్లని చార మిగులుతుంది. ఆడపిట్ట పైన బూడిద కలిసిన ఆకుపచ్చగా, పొట్ట కింద లేత పసుపుగా ఉంటుంది.

గూడు కట్టే పని మాత్రం ఆమెదే. గడ్డిపోచలూ బెరడు ముక్కలూ సాలెగూడు దారాలతో కలిపి కొమ్మకు సంచిలా వేలాడదీస్తుంది. పక్కన గుమ్మం, దానిపైన చిన్న చూరు! ఒక్కోసారి బాల్కనీలోని తీగకో, తాడుకో కూడా కట్టేస్తుంది. సాధారణంగా రెండు గుడ్లు పెట్టి, రెండు వారాలు పొదుగుతుంది. పిల్లలకు తిండి తేవడంలో మగపిట్టా సాయపడుతుంది.

పిల్లలు ఎదగాలంటే తేనె ఒక్కటే చాలదు, పురుగులూ సాలీళ్లూ కావాలి. అవి దొరికేది పొదల్లోనే. 1974లో ఏర్పాటైన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ ప్రాంగణం, దాని పక్కనున్న కంచ గచ్చిబౌలి ఇలాంటి చోట్లే. అక్కడి 400 ఎకరాల్లో 2025 మార్చి చివర్లో చెట్ల నరికివేత మొదలైంది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు దాన్ని ఆపమంది.

అడవి లోటును బాల్కనీ తీర్చలేదు. కానీ, మందారమో నూరువరహాలో పెంచడం, పురుగుమందు కొట్టకపోవడం మన చేతిలో పనే. తీగకు వేలాడే చిన్న సంచి కనిపిస్తే బూజనుకుని దులిపేయకండి. ఓ నెలరోజులు ఆగితే చాలు... పిల్లలు ఎగిరిపోతాయి!