వైద్యుడు చూడని రాత్రి

పల్నాటి పల్లె ఒకదానిలో, 1990వ దశకం చివర, ఒక వర్షాకాలపు సాయంకాలం పశువైద్యుడొకరు ఎద్దుకు కొమ్ము తీసివేశారు. కొమ్ము మొదట్లో క్యాన్సరు. మన దేశపు ఎద్దులను, అందునా కాడి మోసే వయసులో ఉన్నవాటిని, ఎక్కువగా పట్టి పీడించే వ్యాధి అది. కంటికీ కొమ్ము మొదలుకూ నడుమనున్న నరం దగ్గర లిగ్నోకెయిన్ సూది వేసి, ఆ చోటు తిమ్మిరెక్కిన తరువాత తీగ రంపంతో కోత ముగించి, చర్మం దగ్గరకు చేర్చి కుట్లు వేశారు. ఎద్దు ఒక్కసారైనా తల విదిలించలేదు.

చేతులు కడుక్కుంటూ ఆయన, ఇరవై ఏళ్లుగా రైతులందరికీ చెబుతూ వచ్చిన మాటే ఈ రైతుకూ చెప్పారు: "గొడ్డుకు మనకున్నంత బాధ ఉండదయ్యా. కాస్త ఉన్నా మేలే. కదలకుండా పడి ఉంటుంది, పుండు త్వరగా మానుతుంది."

ఆయన కఠినుడు కాడు. గురువులు నేర్పిన మాట అది. వారికి వారి గురువులు నేర్పినది. ఆ మాట నిజమో కాదో పరీక్షించే అవకాశం ఆయనకు ఎన్నడూ కలగలేదు. ఆనాడు కూడా కలిగేది కాదు. కాని ఊరి బయట వాగు పొంగింది. మోటారు సైకిలు ముందుకు పోలేదు. రాత్రికి రైతు ఇంటి వసారాలోనే మంచం వేశారు. పక్కనే పశువుల కొట్టం.

అర్ధరాత్రి దాటాక ఏదో చప్పుడుకు ఆయనకు మెలకువ వచ్చింది. గింజలు పోయకుండా తిరగలి తిప్పినట్లున్నది ఆ చప్పుడు. కొట్టంలో లాంతరు వెలుగున రైతు తల్లి ఎద్దు పక్కన కూర్చుని ఉన్నది.

"నెమరు వేస్తున్నట్లుందే" అన్నారాయన.

"నెమరు కాదు నాయనా. నెమరు వేసే గొడ్డు కళ్లు అరమోడ్చి హాయిగా ఉంటుంది. ఇది పళ్లు నూరుతున్నది. కుడితి ముట్టలేదు, పడుకోలేదు. సూది వేస్తే నొప్పి ఉండదంటివి గదా?"

లాంతరు అందుకుని ఆయన చూశారు. తల గోడకు ఆనించి, చెవులు వేలాడవేసి, వీపు వంచి నిలబడి ఉన్నది ఎద్దు. లిగ్నోకెయిన్ ప్రభావం గంటో రెండు గంటలో ఉంటుందన్న సంగతి ఆయనకు తెలియనిది కాదు. అయితే ఆ గంట తీరే వేళకు ఆయన ఎప్పుడూ దారిలోనే ఉండేవారు. ఇరవై ఏళ్లలో ఆయన చూసినవన్నీ తిమ్మిరిలో ఉన్న పశువులే. ఆ తరువాతి రాత్రి రైతుదీ, పశువుదీ.

ఆయన సంచిలో నొప్పి తగ్గించే మందు లేదు. అవసరమని ఎన్నడూ తోచలేదు. తెల్లవారి వాగు తీశాక పట్నం వెళ్లి మందు పంపించారు. డబ్బు ఇవ్వబోతూ రైతు అన్నాడు: "ఇట్లాంటి మందు ఉన్నదని నిన్ననే చెబితే కొనకపోదునా, డాక్టరుగారూ?" ఖర్చుకు రైతు ఒప్పుకోడని ఆయన తనంతట తానే అనుకున్నారు, అడిగి చూడలేదు.

ఈ పొరపాటు ఆయన ఒక్కరిదే కాదు. బ్రిటన్‌లో పశువైద్యుల అభిప్రాయాలు సేకరించి 2006లో ప్రచురించిన పరిశీలనలో, ఒకే శస్త్రచికిత్స ఎంత బాధ కలిగిస్తుందన్న ప్రశ్నకు వైద్యుల అంచనాల మధ్య ఎంతో అంతరం కనిపించింది. నొప్పి మందు వాడనివారు బాధను తక్కువగా అంచనా వేశారు. ఆవూ ఎద్దూ వేటకు గురయ్యే జాతివి; బలహీనత బయటపెడితే పులి నోట పడవలసినవి. అందువల్ల మౌనం వాటికి ఆత్మరక్షణ. ఆ మౌనాన్ని మనిషి సుఖమని భ్రమించాడు.

నాటినుండి ఆయన కోతకు ముందే నొప్పి మందు ఇవ్వసాగారు. కాని ఆ దారిలోనూ ఒక ముల్లు ఉన్నది. ఆయన ఇస్తూ వచ్చిన మందు డైక్లోఫినాక్. చవకైనది, చక్కగా పనిచేసేది. పాకిస్తాన్‌లో జరిగిన పరిశోధన 2004లో దాని మరొక ముఖాన్ని లోకానికి చూపింది. ఆ మందు తీసుకున్న కొద్దికాలానికే మరణించిన పశువు కళేబరాన్ని తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చనిపోతున్నాయి. తెల్లవీపు రాబందులు మన దేశంలో 1992, 2007 సంవత్సరాల మధ్య 99 శాతానికి పైగా తగ్గిపోయాయి. 2006లో భారతదేశం పశువులకు ఆ మందు వాడకాన్ని నిషేధించింది.

"చూశారా, నొప్పికి మందు వద్దన్నది ఇందుకే" అన్నారు తోటివారు కొందరు. ఆయన అంగీకరించలేదు. తప్పు నొప్పి తగ్గించాలన్న తలంపులో లేదు, ఎంచుకున్న మందులో ఉన్నది. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ అప్పటికే పరీక్షలలో నెగ్గింది. ఆయన దానికి మారారు. డైక్లోఫినాక్ స్థానంలో కొందరు వాడుతూ వచ్చిన కీటోప్రొఫెన్, అసిక్లోఫినాక్ మందులు కూడా రాబందులకు ప్రమాదకరమని తేలగా, 2023లో పశువులకు వాటి వాడకాన్నీ ప్రభుత్వం నిషేధించింది. ఒక జీవి బాధ తీర్చబోయి మరొక జీవిని బలిపెట్టకుండా ఉండాలంటే, వైద్యుని చూపు కొట్టం దాటి ఊరి బయట కళేబరాలు పడవేసే చోటు దాకా సాగాలన్నమాట.

పదవీ విరమణ వరకూ ఆయన ఒక నియమం పాటించారు. శస్త్రచికిత్స చేసిన మరునాడు తెల్లవారేసరికి ఆ ఇంటి ముందు మోటారు సైకిలు ఆగేది. కుట్లు చూడటం తరువాత. ముందుగా ఇంటివారిని ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే:

"రాత్రి నెమరు వేసిందా?"