బుల్లెట్ గొంతు మారితే...

మనుబోలులో చప్పుళ్లకు కరవు లేదు. చెన్నై నుంచి కోల్‌కతా వెళ్లే జాతీయ రహదారి ఊరిని ఒరుసుకుంటూ పోతుంది. గూడూరు-విజయవాడ రైలుమార్గంలో ఊరికో స్టేషనూ ఉంది. గూడూరుకూ మనుబోలుకూ మధ్య రైళ్ల మీదుగా రైళ్లు వెళ్లేందుకు 2.2 కిలోమీటర్ల పొడవున వంతెన కూడా కట్టారు. లారీ హారన్లు, గూడ్సుబండ్ల కూతలు... పగలూ రాత్రీ తేడా లేదు. ఇన్ని మోతల మధ్య బతికేవాళ్ల చెవులు మొద్దుబారిపోయి ఉంటాయనుకుంటాం. అదేం లేదు. హైవే దిగి వీధిలోకి మళ్లిన బండి ఎవరిదో వంటింట్లోంచే చెప్పేస్తారు. అది పాత బుల్లెట్ అయితే ఇక చెప్పేదేముంది!

అలాంటి ఇల్లొకటి ఊహించుకోండి. తాత వరి అమ్మిన డబ్బుతో కొన్న బుల్లెట్. కుడికాలికి గేరు, ఎడంకాలికి బ్రేకు. ఆయన పోయాక పశువుల కొట్టంలో గోనెపట్టా కింద కొన్నేళ్లు పడి ఉంది. చదువు పూర్తిచేసిన మనవడు దాన్ని బయటికి లాగాడు. కార్బ్యురేటర్ కడిగించాడు, టైర్లు మార్చాడు. బండి కదిలింది. కానీ సైలెన్సర్ మాత్రం కదిలే స్థితిలో లేదు. చేత్తో అదిమితే తుప్పు పొరలుగా రాలుతోంది. కొత్తది వేయాలి. ఏది?

చిన్న ప్రశ్నే. దాని చుట్టూ ఇంట్లో రెండు పార్టీలు తయారవుతాయి. 'బుల్లెట్ అంటే ఊరంతా వినపడాలి' అని మనవడి స్నేహితులు. 'ఆయన బండి మోత నాకు తెల్దా అబ్బయ్యా... గుండె అదిరేట్టు ఎప్పుడూ లేదు' అని అవ్వ. ఈ తగాదాలో గెలవాల్సింది అవ్వే. ఎందుకో తెలియాలంటే ఇదే రోడ్డు పట్టుకుని దక్షిణంగా 150 కిలోమీటర్లు వెళ్లాలి.

మద్రాసు బాట

ఈ రహదారికి పాత పేరు గ్రాండ్ నార్తర్న్ ట్రంక్ రోడ్డు. పెద్దవాళ్ల నోట జీఎన్‌టీ రోడ్డు. తర్వాత జాతీయ రహదారి-5 అయింది, 2010లో నంబర్లు మార్చాక 16 అయింది. పేరేదైనా నెల్లూరు జిల్లా దక్షిణపు ఊళ్లకు అది 'మద్రాసు రోడ్డే'. సినిమాకైనా, ఆసుపత్రికైనా, మోటారు సామానుకైనా ఒకప్పుడు చూపు అటువైపే.

బుల్లెట్ కూడా అటునుంచే వచ్చింది. ఇంగ్లండులోని రెడిచ్‌లో పుట్టిన ఈ బండి 1949 నుంచి మద్రాస్ మోటార్స్ ద్వారా మనదేశానికి దిగుమతయ్యేది. సరిహద్దుల్లో తిరగడానికి సైన్యం దాన్ని ఎంచుకోవడంతో దశ తిరిగింది. 1955లో ఆంగ్ల కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. మద్రాసుకు ఉత్తరాన తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ వెలిసింది. కొన్నాళ్లకు విడిభాగాలన్నీ ఇక్కడే తయారయ్యాయి. విచిత్రమేమంటే 1970 నాటికి ఇంగ్లండులో ఆ కంపెనీ పూర్తిగా మూతపడింది. కన్నవాళ్లు లేకపోయినా పెంచుకున్నవాళ్ల ఇంట్లో బిడ్డ బతికింది!

ఆ పాత ఇంజను పోత ఇనుముతో చేసింది. సామర్థ్యం 346 సీసీ. లోపల పిస్టన్ తిరిగే గుంట వెడల్పు 70 మిల్లీమీటర్లయితే అది పైకీ కిందికీ కదిలే దూరం 90 మిల్లీమీటర్లు. పక్కనే బరువైన ఫ్లైవీల్. అందుకే ఆ ఇంజను తాపీగా తిరుగుతుంది. ఒక్కో పేలుడుకూ మధ్య చెవికి అందేంత విరామం ఉంటుంది. అందరూ మురిసిపోయే 'డుగ్... డుగ్... డుగ్' ఆ విరామంలోంచి పుట్టిందే తప్ప సైలెన్సర్లోంచి కాదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అసలు సైలెన్సర్ పొడవుగా, లోపల అరలు అరలుగా ఉండి ఆ చప్పుడును మెత్తగా బయటికి వదిలేది. అంటే, పాత బుల్లెట్ శబ్దం కావాలని చెవులు చిల్లులుపడే గొట్టం తగిలించేవాళ్లు అసలైన పాత శబ్దాన్నే పోగొట్టుకుంటున్నారన్నమాట. అవ్వ చెవి తప్పు చెప్పలేదు.

పుదుప్పేట సందుల్లో

నెల్లూరులోనూ సైలెన్సర్లు దొరుకుతాయి. అయినా పాతబండి యజమానికి ఒక్కసారైనా చెన్నై వెళ్లి పుదుప్పేట చూడాలనుంటుంది. నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ దాటి గుమ్మిడిపూండి మీదుగా బస్సులో వెళ్లొచ్చు. రైలెక్కితే గూడూరు మీదుగా సెంట్రల్‌లో దిగొచ్చు. ఎగ్మూరుకు దగ్గర్లో, కూవం నది ఒడ్డున ఉంటుంది పుదుప్పేట. విప్పేసిన బండ్ల ఎముకల గూళ్లు, గుట్టలుగా గేరుపెట్టెలు, తీగలకు వేలాడే హెడ్‌లైట్లు. నేలంతా నల్లటి నూనె. ఇష్టమైనవాళ్లకు అది తీర్థం, కానివాళ్లకు తలనొప్పి.

సైలెన్సర్ అడిగితే పేర్లు గుప్పిస్తారు. షార్ట్ బాటిల్, లాంగ్ బాటిల్, గోల్డ్‌స్టార్, మెగాఫోన్... గోల్డ్‌స్టార్ అన్నది బర్మింగ్‌హామ్‌లో తయారైన బీఎస్ఏ గోల్డ్ స్టార్ అనే పందెపు బండి నుంచి వచ్చిన పేరు. ఆ బండి తయారీ 1963లోనే ఆగిపోయింది. దాని సైలెన్సర్ ఆకారం మాత్రం ఇప్పటికీ మన సందుల్లో అమ్ముడుపోతోంది. అయితే పేర్లను బట్టి కొంటే మోసపోతాం. పైన మెరుపు ఒకటే ఉంటుంది, తేడా అంతా లోపలే.

అందుకే ముందు టార్చిలైటు వేసి గొట్టంలోకి చూడాలి. ఈ చివర నుంచి ఆ చివరకు వెలుతురు సూటిగా కనపడిందా... అది దాదాపు ఉత్త గొట్టమే. అడ్డు పలకలు, చిల్లుల గొట్టం ఉంటే పొగ వంకరలు తిరిగి వేగం తగ్గించుకుని బయటికొస్తుంది. మూడోరకం ఉంది. చిల్లుల గొట్టం చుట్టూ గాజునూలు దట్టించి ఉంటుంది. కొన్నప్పుడు గంభీరంగా, వినసొంపుగానే పలుకుతుంది. పోనుపోను వేడికి నూలు కాలి, పొగతోపాటు కొట్టుకుపోతుంది. మోత నెమ్మదిగా పెరుగుతుంది. రోజూ నడిపేవాడికి ఆ మార్పు తెలియదు, వీధివాళ్లకు తెలుస్తుంది. మళ్లీ నూలు దట్టించుకునే వీలున్నదైతేనే అది కొనడంలో అర్థముంది.

మనుబోలు వాళ్లు చూసుకోవాల్సింది ఇంకోటుంది. తూర్పున సముద్రం ఎంతో దూరం లేదు. ఉప్పుగాలికి నాసిరకం క్రోమ్ పూత త్వరగా పొక్కుతుంది. కొనేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం ఉంచుకుంటే మంచిది. క్రోమ్ పూసిన మామూలు ఇనుముకు అది గట్టిగా అంటుకుంటుంది. అంటకపోతే మేలురకం స్టెయిన్‌లెస్ స్టీలు కావొచ్చు. స్టెయిన్‌లెస్‌లో అయస్కాంతానికి అంటే రకాలూ ఉన్నాయి గనక అంటినంత మాత్రాన తీసిపారేయక్కర్లేదు. తుప్పు బయటి నుంచే వస్తుందనుకోవడమూ పొరపాటే. ఇంటి నుంచి సెంటరు దాకా వెళ్లి ఆపేసే బండిలో సైలెన్సర్ పూర్తిగా వేడెక్కదు. పెట్రోలు మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి లోపలే చల్లబడి నీళ్లవుతుంది. ఆ నీళ్లే లోపలినుంచి తినేస్తాయి. అడుగున సన్నటి రంధ్రం ఉందో లేదో చూడమని పాత మెకానిక్కులు చెప్పేది అందుకే. వారానికోసారి గూడూరు దాకానో నెల్లూరు దాకానో నడిపి తెస్తే సైలెన్సర్‌కు అదే వైద్యం.

వానాకాలం సంగతి సరేసరి. ఈ జిల్లాకు ఈశాన్య రుతుపవనాలే పెద్దదిక్కు. 2015 నవంబరులో, మళ్లీ 2021 నవంబరులో వరదనీళ్లు జాతీయ రహదారి మీదికొచ్చి జిల్లాలో వాహనాలు ఆగిపోయాయి. నీళ్లలో వెళ్లేటప్పుడు ఇంజను నడుస్తున్నంతసేపూ పొగ నీటిని బయటికి నెడుతుంది. మధ్యలో ఆగిందో... కిందికి ఉన్న గొట్టంలోకి నీళ్లు దూరతాయి. పైకి ఎత్తిన సైలెన్సర్ ఆ రోజున అందంగా కనిపిస్తుంది. కాకపోతే మిగిలిన రోజుల్లో వెనక కూర్చున్న అవ్వ కాలికి తగులుతుంది. కోకంచు కాలడమో, పిక్క బొబ్బలెక్కడమో ఖాయం. ఇంట్లోవాళ్లను ఎక్కించుకునే బండికి పొడుగాటి, కిందికి ఉండే సైలెన్సరే మేలు.

తగిలించగానే అయిపోదు

కొత్త సైలెన్సర్ వేసిన మర్నాడే బండి 'టప్ టప్'మని పేలుతోందంటూ మెకానిక్ దగ్గరికి పరిగెడతారు. యాక్సిలేటర్ వదిలినప్పుడు ఆ పేలుళ్లు వినపడితే ముందు అనుమానించాల్సింది బెండు పైపు అతుకుల్నే. అక్కడ సందుంటే బయటి గాలి చొరబడి, మండకుండా మిగిలిన పెట్రోలును లోపలే మండిస్తుంది. క్లాంపు బిగిస్తే సగం రోగాలు పోతాయి.

అసలు ప్రమాదం చప్పుడు చేయదు. అడ్డంకులు తక్కువున్న గొట్టం పెట్టినప్పుడు ఇంజను గాలి ఎక్కువ పీలుస్తుంది. పెట్రోలు మాత్రం పాత లెక్కనే అందుతుంది. మిశ్రమం పలచబడి వేడి పెరుగుతుంది. నాలుగు రోజులు నడిపి స్పార్క్ ప్లగ్ విప్పి చూస్తే ఇంజను జాతకం తెలిసిపోతుంది. ఇటుకపొడి, కాఫీపొడి మధ్య రంగులో ఉందంటే క్షేమం. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు. కాటుకలా నల్లగా ఉంటే ఎక్కువైంది. బెండు పైపు నీలంగా మారడం కూడా ఒక హెచ్చరికే. కార్బ్యురేటర్లో మెయిన్ జెట్ ఒక సైజు మార్చి మళ్లీ నడిపి చూడాలి. ఇది చేయకుండా గొట్టం ఒక్కటే మార్చి 'బండి పికప్ పెరిగింది' అనేవాళ్ల మాట నమ్మలేం. చాలాసార్లు పెరిగేది మోతే. మోత పెరిగితే వేగం పెరిగినట్టే అనిపిస్తుంది!

బుల్లెట్ పక్కనే ఆగే మరో పాతబండి ఆర్ఎక్స్-100 సంగతి ఇంకా సున్నితం. 1985 నుంచి 1996 దాకా మనదేశంలో తయారైన ఈ 98 సీసీ టూ స్ట్రోక్ బండికి సైలెన్సర్ కూడా ఇంజనులో భాగమే. మధ్యలో ఉబ్బి, చివర సన్నబడే ఆ ఆకారం ఊరికే పెట్టింది కాదు. పొగతోపాటు బయటికి జారిపోబోయే తాజా పెట్రోలు ఆవిరిని అందులో పుట్టే ఒత్తిడి అల వెనక్కి నెడుతుంది. ఆ గొట్టం కోసేసినా, లోపలి బ్యాఫిల్ పీకేసినా బండి గొంతు పెరుగుతుంది, బలం తగ్గుతుంది. దానికి కావాల్సింది కొత్త సైలెన్సర్ కాదు. మసి పట్టిన బ్యాఫిల్‌ను బయటికి తీసి శుభ్రం చేసే ఓపిక.

వీధివాళ్ల వాటా

2005 తర్వాత తయారైన 175 సీసీ పైబడిన మోటారుసైకిలు పరీక్షలో 80 డెసిబెల్స్ మించకూడదు. తాత బుల్లెట్ అంతకంటే పాతది కావొచ్చు. అయినా ప్రతి బండికీ చప్పుడు తగ్గించే సైలెన్సర్ ఉండి తీరాలన్నది 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధన. నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదన్నది 2000లో వచ్చిన శబ్దకాలుష్య నిబంధన. డెసిబెల్స్ లెక్క మామూలు కూడిక కాదు. పది పెరిగిందంటే శబ్దశక్తి పదిరెట్లయినట్టు. హైవే మీద లారీల్లో కలిసిపోయే మోత, రాత్రి పదకొండింటికి రెండు గోడల మధ్య వీధిలో ఎలా ఉంటుందో పసిబిడ్డ ఉన్న ఇంట్లో అడిగితే చెబుతారు.

2019 సవరణ తర్వాత శిక్షలూ పెరిగాయి. శబ్ద పరిమితులు దాటితే మూడు నెలల వరకు జైలు, లేదా పదివేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. లైసెన్సుకూ ఎసరే. అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు ఐదువేల జరిమానా వేరే. పట్నాల్లో పోలీసులు స్వాధీనం చేసుకున్న సైలెన్సర్లను వరసగా పరిచి రోడ్డు రోలర్‌తో తొక్కించడం ఈమధ్య చూస్తున్నదే. పాతబండికి ఇంకో చిక్కుంది. రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ముగిశాక ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. రవాణా అధికారి ముందు బండిని నిలబెట్టే రోజున అడ్డదిడ్డమైన గొట్టంతో వెళ్లడం కోరి తగాదా తెచ్చుకోవడమే. అద్దెకు మంచి సైలెన్సర్ తగిలించుకుని వెళ్లి, బయటికొచ్చాక విప్పేసే ఘనులూ లేకపోలేదు. అంత శ్రమ పడేబదులు ఆ మంచిదేదో ఉంచేసుకోవచ్చు కదా!

ఇవన్నీ లెక్కేసుకున్న మనవడు పుదుప్పేట నుంచి ఏది తెస్తాడు? గోల్డ్‌స్టార్ మీదికి చెయ్యి పోతుంది. ఆ వయసు అలాంటిది. టార్చి వేసి చూస్తాడు, సూటిగా వెలుతురు. పెట్టేస్తాడు. చివరికి పాత పద్ధతిలో లోపల అరలున్న పొడుగాటి సైలెన్సర్‌ను పాత న్యూస్‌పేపర్లలో చుట్టించి, సూళ్లూరుపేట దాకా బస్సులో ఒళ్లో పెట్టుకునే కూర్చుంటాడు. మర్నాడు షెడ్డులో క్లాంపు బిగించి, రెండు కిక్కులు కొడితే మూడోదానికి ఇంజను అందుకుంటుంది. చీకటిపడే వేళకు హైవే దిగి, వీధి మలుపు తిరుగుతాడు.

వంటింట్లో అవ్వ పొయ్యి మంట తగ్గిస్తుంది. ఓ క్షణం ఆగి వింటుంది. తర్వాత కోడలితో అంటుంది... 'నీళ్లు తోడమ్మా, బండొచ్చింది.'