దాదీమా చుప్ అయిపోయిన రోజులు

మన ఇళ్లలో బిడ్డ పుట్టగానే చెవిలో అజాన్ చెప్తాం. మా మున్నా చెవిలో అజాన్ ఇచ్చింది నేనే. బిడ్డకు అందరికన్నా ముందు చెవి ద్వారా ఏదో అందాలని మన బుజుర్గులకు తెలుసు. ఆ తర్వాత ఆ చెవికి ఏం అందుతోందో చూసుకోవడంలో మాత్రం రెండేళ్లు గాఫిల్‌గా ఉన్నాను.

రెండేళ్లు నిండేసరికి వాడి మాటలు వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉన్నాయి. కావాల్సిన దాని దగ్గరికి మన చెయ్యి పట్టుకుని లాక్కెళ్లేవాడు. అర్థం కాకపోతే నేల మీద దొర్లి ఏడ్చేవాడు. రిష్తేదార్లు తలో మాట అన్నారు. "మగపిల్లలు ఆలస్యంగానే మాట్లాడ్తారు" అని ఒకరు, "నజర్ తగిలింది" అని ఇంకొకరు. తావీజ్ కట్టించాం, దమ్ చేసిన నీళ్లు తాగించాం. దువాకు నేనెప్పుడూ దూరం కాదు. నాలుక ముడి విప్పమని మూసా అలైహిస్సలాం కూడా అల్లాహ్‌ను అడిగారు. కానీ దువాతో పాటు దవా కూడా వెతకాలి కదా.

ఆ మధ్య ఒక ప్లే స్కూలుకు తీసుకెళ్తే అక్కడి మేడమ్ తేల్చేసింది. "ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. పిల్లాడు కన్‌ఫ్యూజ్ అవుతున్నాడు. రెండూ ఆపి ఇంగ్లీషులోనే మాట్లాడండి సార్."

ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీకి తెలుగు తీసుకుని, నా 'ళ'కూ 'ణ'కూ క్లాసంతా నవ్వితే తలొంచుకున్నవాణ్ని. ఇంగ్లీషు అనగానే పాత భయం లేచి కూర్చుంది. సరే అన్నాను.

ఇంట్లో కమ్, సిట్, ఈట్, నో మొదలయ్యాయి. నాకూ నా భార్యకూ వచ్చిన ఆ కాస్త ఇంగ్లీషులో పిల్లాడికి ఏం కథ చెప్తాం? ఏం బుజ్జగిస్తాం? అమ్మీ అయితే, "మేరెకు అంగ్రేజీ ఆతీ నై బేటా" అని పక్కకు తప్పుకుంది. మున్నాను ఒళ్లో వేసుకుని లోరీ పాడే మనిషి, బియ్యం ఏరుతూ రాళ్లతోనూ చీమలతోనూ మాట్లాడించే మనిషి, తస్బీ పట్టుకుని మూలన కూర్చుంది. ఆ ఖాళీలోకి ఫోన్ వచ్చింది. రైమ్స్ పెడితే వాడు గంటలు గంటలు కదిలేవాడు కాదు. రోజంతా మాటలతో బతికే జర్నలిస్టుని, రాత్రి పదకొండింటికి ఇంటికొచ్చి, నిద్రపోతున్న కొడుకును చూసి పడుకునేవాణ్ని.

ఒకరోజు మా ఆపా వచ్చింది. తను అంగన్‌వాడీ టీచర్. వెనక నుంచి మున్నా అని రెండుసార్లు పిలిచింది. వాడు తిరగలేదు. "భాషలు తర్వాత చూద్దాం భాయ్, ముందు చెవులు చూపించు" అంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల వినికిడినీ మాటనూ పరీక్షిస్తారనీ, జిల్లా స్థాయిలో దానికి 'డైస్' అనే సత్వర చికిత్సా కేంద్రాలు ఉన్నాయనీ చెప్పింది. ఆరోగ్యం మీద ఎన్నో వార్తలు రాసిన నాకు మా ఆపా చెప్పాల్సి వచ్చింది.

పరీక్షల్లో తేలింది ఏమిటంటే, మాటిమాటికీ వచ్చిన జలుబుల వల్ల రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక నీరు చేరింది. నొప్పి ఉండదు, పైకి ఏమీ కనిపించదు. కానీ నీళ్లలో మునిగి పైనున్న వాళ్ల మాట వింటే ఎలా ఉంటుందో వాడికి అలా వినిపించేది. చాలామంది పిల్లల్లో అది దానంతటదే తగ్గుతుందని, మూడు నెలలు ఆగి మళ్లీ చూద్దామని డాక్టర్ అన్నారు. అల్హందులిల్లాహ్, తగ్గింది.

స్పీచ్ థెరపిస్ట్ ఒక కాగితం ఇచ్చి, వాడు అనే మాటలన్నీ రాయమంది. పానీ, బిల్లీ, నక్కో ఉర్దూలో. బువ్వ, కుక్క, బండి తెలుగులో. "రెండు భాషలవీ కలిపి లెక్కపెట్టండి" అంది. కలిపితే ఇరవై మూడు. ఆ వయసుకు తక్కువే, కానీ మేం అనుకున్నంత తక్కువ కాదు. రెండు భాషలు వినడం వల్ల పిల్లలకు మాట ఆలస్యం కాదని చెప్పింది. "మీకు ఏ జబాన్‌లో ప్రేమగా, ధారాళంగా మాట్లాడటం వచ్చో అందులోనే మాట్లాడండి. దాదీమా ఎందుకు మాట్లాడట్లేదు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆమె నేర్పినవి పెద్ద విద్యలేం కావు. పిల్లాడి ఎత్తుకు కిందికి కూర్చుని మొహం చూస్తూ మాట్లాడాలి. "ఇదేంటి? అదేంటి?" అని ఇమ్తిహాన్ పెట్టకుండా, వాడు చూస్తున్న దాని గురించి మనమే చెప్పాలి. వాడు "పానీ" అంటే మనం "ఠండా పానీ" అని ఒక మాట కలపాలి. అడిగాక తొందరపడి మనమే జవాబు చెప్పకుండా, మనసులో ఐదు లెక్కపెట్టి ఆగాలి. స్నానం, వంట, వుజూ, బట్టలు మడతపెట్టడం, అన్నీ పాఠాలే. ఇక ఫోన్. రెండేళ్లు నిండని బిడ్డకు తెర వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల వరకు రోజుకు గంట మించొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఫోన్ మాట్లాడుతుంది గానీ, బిడ్డ మాట్లాడితే ఆగి వినదు.

ఆ రాత్రి అమ్మీ కాళ్ల దగ్గర కూర్చుని మాఫీ అడిగాను. "పాగల్" అని తల మీద ఒకటి వేసి, మున్నాను ఒళ్లోకి లాక్కుంది. చాలా రోజుల తర్వాత లోరీ వినిపించింది.

మీ ఇళ్లలో ఎవరైనా బిడ్డ పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, ఏడాదికి వేలు పెట్టి చూపించడం రాకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోయినా, వచ్చిన మాటలు పోయినా, నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులకు బిస్మిల్లా చేసేదాకా ఆగకండి. ముందు చెవి చూపించండి. నా ఇంట్లో తగ్గినట్టు అందరికీ అంత తేలిగ్గా తగ్గకపోవచ్చు. అందుకే ఎంత త్వరగా వెళ్తే అంత మేలు. ఎవరు చెప్పినా సరే, దాదీమా నోరు మాత్రం మూయించకండి.

ఐదో నెలలో మున్నా మొదటిసారి రెండు మాటలు కలిపాడు. అమ్మీ నమాజ్ ముగించి సలాం తిప్పగానే జానిమాజ్ కొస పట్టుకుని లాగుతూ, "దాదీ, దా!" అన్నాడు. ఒకటి ఉర్దూ, ఒకటి మా కర్నూలు తెలుగు. అమ్మీ లేచి వాడి వెంట వెళ్లింది.